ఇంజను నీళ్ళ స్నానం

దానియేలు బాబాయి జ్ఞాపకార్థ కూడిక మా ఊరి చర్చిలోనే జరిగింది. మా నాన్నకి ఒక్కగానొక్క తమ్ముడాయన. పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు, కాబట్టి ముందు వరసలో కూర్చోవలసినవాళ్ళం నేనూ మా అమ్మాయి కృపా. వాక్యం, ప్రార్థన అయ్యాక పాస్టరు గారు, పోయిన మనిషి గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పొచ్చన్నారు. మా వైపు అది అలవాటే. ఏడ్చిన మొహాలు కాస్త తేటపడటానికి ఎవరో ఒకరు నవ్వొచ్చే సంగతి కూడా చెబుతారు. బాబాయి ఈడువాడు అబ్రహాం లేచి మైకు అందుకున్నాడు. "మా దానియేలు వెన్నలాంటోడు. ఎవురికీ కీడు తలపెట్టలేదు. కాకపోతే ఇంజన్లో నూనె పొయ్యాలన్న సంగతొక్కటే మర్చిపొయ్యాడు" అన్నాడు. చర్చి అంతా నవ్వింది. కుర్రవాళ్ళకి తెలియదేమోనని ఆ కథంతా మళ్ళీ చెప్పాడు, మిరపచేను తడికి వచ్చిన టైములో మా బాబాయి నూనె చూసుకోకుండా ఇంజను నడిపి ఎట్లా తగలేశాడో. కృప కూడా నవ్వింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, నా భుజం మీద తల ఆనించి మరీ నవ్వింది. అబ్రహాం మీద రాని కోపం నాకు నా కూతురి మీద వచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది. ఆ నవ్వు దానికి నేర్పింది మేమే.

ఆ నవ్వు ఎక్కడ మొదలైందో చెప్పాలంటే మా పాత ఇంటి పెరట్లోకి వెళ్ళాలి. ఊరి చివర ఇల్లు మాది. అద్దంకి రోడ్డు దిగి పత్తి చేల మధ్య బండిబాటలో నడుచుకుంటూ వస్తే మొదట కనిపించేది మా తాటాకు పాకే, ఆ తర్వాత పెరటి గోడ, ఆ తర్వాత ఇల్లు. పాకలో నీళ్ళు తోడే డీజిలు ఇంజను, పాక పక్కన బావి, బావి చుట్టూ మా మిరపచేను. కరెంటు లైను మా వైపు ఇంకా రాలేదు. నాన్న మిషను స్కూల్లో మాస్టారు. జీతం ఆయనది, చేను కష్టం బాబాయిది. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది నాయనమ్మ సంతోషమ్మా, ఈ బాబాయీ. నాన్న నన్ను చదివించాడు, అంతే. ఈ మాట అంటే నాన్నకి అన్యాయం చేసినట్టుంటుంది గానీ, జ్వరం వస్తే ఎవరి భుజం మీద పడుకున్నానో ఒంటికి గుర్తుంటుంది కదా.

బాబాయి ఆ ఇంజన్ని చూసుకున్న తీరు చూస్తే ఊళ్ళో ఆడవాళ్ళు ఈ మనిషికి ఇంక పెళ్ళెందుకులే అనేవాళ్ళు. తెల్లారి లేచి మొహం కడుక్కోగానే పాకలోకి వెళ్ళేవాడు. నూనె కొలిచే పుల్లని బయటికి తీసి, పాత లుంగీ గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీసి, వెలుగులో పట్టి చూసేవాడు. ఆ నూనె బొట్టు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, జిగురు తగ్గిందో లేదో చూసేవాడు. టీ తాగటం ఆ తర్వాతే. హ్యాండిలు వేసి తిప్పుతుంటే భుజాలు ఉబ్బేవి, ఇంజను నాలుగు సార్లు దగ్గి, నల్లటి పొగ ఒక్కటి వదిలి, డుగ్ డుగ్ మని అందుకునేది. ఆ చప్పుడుతో మా ఇంట్లో రోజు మొదలయ్యేది. ఆదివారం చర్చి వదిలేదాకా మాత్రం చేను ఎండిపోతున్నా ఇంజను వేసేవాడు కాదు. "దానిక్కూడా ఒకపూట సెలవు ఉండాలి గదా" అనేవాడు. డీజిలూ, తడిసిన నల్లమట్టీ, ఎండిన తాటాకూ కలిసిన వాసన ఒకటి ఆయన చొక్కాలకి ఉండేది. ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు.

ఇంజను చల్లగా ఉండటానికి ఒక ఏర్పాటుండేది. పంపులోంచి కాలవకి పడే నీళ్ళలో కాసిని, ఒక సన్న గొట్టం గుండా ఇంజను ఒంట్లోకి వెళ్ళి, దాని వేడి తాము పుచ్చుకుని, ఇంకో గొట్టం గుండా బయట సిమెంటు తొట్టిలో పడేవి. సన్న గొట్టానికి ఇత్తడి ట్యాపు ఒకటి. పూర్తిగా తిప్పి ఉంచితే తొట్టిలో నీళ్ళు గోరువెచ్చగా ఉండేవి. కాస్త బిగిస్తే లోపలికి వెళ్ళే నీళ్ళు తగ్గి, వచ్చే నీళ్ళు బాగా కాగి వచ్చేవి. చలికాలంలో మా పేటలో సగంమంది స్నానాలు ఆ తొట్టి దగ్గరే. మోకాళ్ళ నొప్పుల ముసలివాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళు. ఆడవాళ్ళు దుప్పట్లు తెచ్చి ఉతుక్కునేవాళ్ళు. నాయనమ్మ మాత్రం మొదట్లో ఛీ కొట్టింది. "ఇంజను ఉచ్చతో నేను నీళ్ళు పోసుకోను" అనేది. ఒక ఏడాది చలికి నడుం పట్టేసింది. బాబాయి నాలుగు బిందెలు మోసుకొచ్చి పెరట్లో పెట్టాడు. ఆ తర్వాత నుంచి ఆ మాట ఎత్తలేదు, పైగా చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు ఇంజను క్షేమం కూడా కోరేది.

నేను కృపని కన్నది ఆ ఇంట్లోనే, క్రిస్మస్ వెళ్ళాక, చలి బాగా ముదిరిన రోజుల్లో. వెనక గది నాకిచ్చారు. ఆ గది కిటికీలోంచి పాక కనిపించేది, మనుషులు మాట్లాడితే వినిపించేది కూడా. బాలింతరాలిగా నా బతుకంతా నాయనమ్మ చేతిలో ఉండేది. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి. చెవుల్లో దూది, అదీ పక్కచేలోంచి అప్పుడే కోసుకొచ్చి గింజ తీసిన పత్తి. నువ్వుల నూనె పట్టించి, శనగపిండీ పసుపూ కలిపి నలిచి, పెరట్లో తడికె చాటున పీట మీద కూర్చోబెట్టి, నడుం మీద నీళ్ళు చరిచినట్టు పోసేది. తర్వాత సాంబ్రాణి పొగ. ఆ పొగలో నేను దగ్గుతుంటే "దగ్గు, దగ్గు, లోపలిదంతా పోవాల" అనేది. బాలింత నీళ్ళు అంటే పోస్తుంటే ఒళ్ళు ఎర్రబడాలి. పత్తికట్టె పొయ్యిలో పెడితే భగ్గుమని మండి చప్పున ఆరిపోతుంది, అంత పెద్ద కాగు ఎప్పటికి మరుగుతుంది? అందుకని ఇంజను నీళ్ళే. నేను గారాబంగా పెరిగినదాన్ని. "నాయనమ్మా, ఇవేం నీళ్ళు, చన్నీళ్ళ మాదిరి ఉన్నాయి" అని సణిగేదాన్ని. ఆవిడ పెరటి గోడ దగ్గర నిలబడి కేకేసేది. "ఒరేయ్ దానియేలూ, ఇంకాస్త ఎక్కువగా కాగనియ్యి. పిల్లది చలేస్తందంటంది."

బాబాయి ట్యాపు బిగించేవాడు. బిందెలు నిండగానే మళ్ళీ పరిగెత్తి వెళ్ళి తిప్పేవాడు. బిగించి ఎక్కువసేపు ఉంచకూడదని ఆయనకి తెలుసు. మాక్కూడా తెలుసు, ఆయన మాకు పదే పదే చెప్పాడు గనుక. అయినా రోజూ అడిగేవాళ్ళం, రోజూ చేసేవాడు, ఏమీ కాలేదు కాబట్టి ఏమీ కాదనుకున్నాం. ఆ రోజు మిరప పూత మీద ఉంది, తడి ఆలస్యమైతే పూత రాలిపోతుంది. ఇంజను తెల్లవారుజాము నుంచీ ఆపకుండా తిరుగుతోంది. బాబాయి ట్యాపు బిగించి, బిందెలు నింపి, నాయనమ్మకి మోకాళ్ళు లేవటం లేదని తానే మోసుకొచ్చి పెట్టాడు. నాయనమ్మ నాకు నీళ్ళు పోస్తోంది. గదిలో కృప గుక్కపట్టి ఏడుస్తోంది. నాయనమ్మ తడిచేతులతో వెళ్ళి దాన్ని తెచ్చి తలుపు సందులోంచి బాబాయి చేతుల్లో పెట్టి, "కాసేపు ఎత్తుకోరా, ఇది కానిస్తాను" అంది. ఆయన అప్పటిదాకా అంత చిన్నపిల్లని ఎత్తుకోలేదు. వెనక మెట్టు మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి, దాని మొహం చూస్తూ ఉండిపోయాడు. పిల్ల ఊరుకుంది. ట్యాపు సంగతి మర్చిపోయాడు.

ముందు తెలిసింది చప్పుడులో. డుగ్గుకీ డుగ్గుకీ మధ్య ఎడం పెరిగింది. తడికె అవతల నుంచి బాబాయి "అమ్మా! పిల్లని పట్టుకో! అమ్మా!" అని అరవటం విన్నాను. నా ఒంటి నిండా నలుగుపిండి. నాయనమ్మ పట్టుకుని లేవటానికి గోడ వెతుక్కుంటోంది. ఆయన లేచి నిలబడి రెండడుగులు పాకవైపు వేసి ఆగిపోయాడట. చేతిలో పసిగుడ్డు, కింద బురద, ఎక్కడ పెడతాడు? ఎలా పరిగెత్తుతాడు? పట్టుకున్నది పట్టుకున్నట్టే నిలబడి, ఇంజను ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ చివరికి కీచుమని ఆగిపోవటం విన్నాడు. ఆ చప్పుడు లేకపోతే ఊరంతా అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. నాయనమ్మ వెళ్ళి పిల్లని అందుకోగానే ఆయన పాకలోకి పరిగెత్తాడు. కృప నిద్రపోయింది.

నేను చీర చుట్టుకుని గదిలోకి వచ్చేసరికి బాబాయి పాకలో హ్యాండిలు పట్టుకుని తిప్పాలని చూస్తున్నాడు. అది కదల్లేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది, చేను గురించి కాదు. మా అత్తగారు ఆదివారం వస్తున్నారు, పిల్లకి పేరు పెట్టే ప్రార్థనకి. నా పెద్ద ఆడపడుచు పుట్టిన వారంలో వాళ్ళ పాడిగేదె చచ్చిపోయిందట. అంతే, ఆ పిల్ల గేదెని మింగిన పిల్ల అయింది. పరీక్ష పోయినా, సంబంధం తప్పినా, ఇంట్లో పాలు విరిగినా ఆ మాటే. చర్చికి వెళ్ళే ఇల్లే అది, ఇలాంటివి నమ్మకూడదని ప్రతి ఆదివారం వింటారు, బయటికి రాగానే నమ్ముతారు. నా పెళ్ళినాటికి ఆవిడకి ముప్పై దాటాయి. అప్పటికీ గుమ్మంలో అందరికన్నా వెనక నిలబడేది. ఆడపిల్ల పుట్టిందని కబురు వెళ్ళినప్పుడే అత్తగారు "సరేలే" అన్నారట. ఇప్పుడు బాలింత నీళ్ళు, పిల్ల ఏడుపు, పిల్లని ఎత్తుకోబట్టి ఇంజను పోవటం, ఇవన్నీ తెలిస్తే నా కూతురికి ఏ పేరు పెడతారో నాకు తెలుసు. ఏ ప్రార్థనా ఆ పేరు చెరపలేదు.

ఇదంతా ఏడుస్తూ కిటికీ దగ్గర అన్నాను. బాబాయి బయట కిటికీ ఊచలు పట్టుకుని విన్నాడు. నాయనమ్మ మంచం పట్టీ మీద కూలబడింది. "ఇప్పుడేం చెబుదువురా మీ అన్నకి?" అంది.

"నూనె చూసుకోలేదని చెబుతా."

"నువ్వు నూనె చూసుకోకపోవటమేందిరా? ఎవరు నమ్ముతారు?"

"నమ్మేటట్టు చేస్తాలే."

"నాన్నకొక్కడికైనా నిజం చెబుదాం బాబాయ్" అన్నాను.

"వద్దమ్మడూ. అన్నయ్య మాట కడుపులో పెట్టుకోలేడు. స్కూల్లో అంటాడు, పాస్టరు గారితో అంటాడు, ఆదివారానికల్లా మీ అత్తకి చేరద్ది. నన్ను నాలుగు మాటలంటే దులుపుకుని పోతా, నేను పెద్దోణ్ణి. దాన్ని అంటే బతికినంతకాలం అంటారు. పిల్ల మీద ఒట్టు, చెప్పమాక."

"ఒట్లు పెట్టకూడదురా, పాపం" అంది నాయనమ్మ. అబద్ధం గురించి మాత్రం ఆవిడ ఏమీ అనలేదు. మధ్యాహ్నం ఎండలో, నేను పిల్లకి పాలిస్తూ కిటికీలోంచి చూస్తుండగా, బాబాయి ఇంజను కింద బిరడా ఊడదీసి, లోపలి నూనెనంతా కిరసనాయిలు డబ్బాలోకి వంపేశాడు. ఆ పొద్దున ఆయనే వేళ్ళ మధ్య రాసి చూసుకున్న నూనె అది. డబ్బా తీసుకెళ్ళి చేను గట్టు అవతల గొయ్యి తీసి పోసి, మట్టి కప్పాడు. వచ్చి గోడకి ఆనుకుని కూర్చుని, చేతులు తుడుచుకుంటూ నా వైపు చూసి నవ్వాడు. నేను కూడా నవ్వాననే గుర్తు.

అద్దంకి నుంచి మెకానిక్కు మస్తాన్ వచ్చాడు. నాన్న బడి నుంచి వచ్చి నిలబడ్డాడు. గోడ మీదుగా చూట్టానికి పేటలోవాళ్ళు చేరారు. మస్తానూ బాబాయీ కలిసి ఇంజను పైభాగం విప్పి, పిస్టన్ని పైకి లాగారు. చుట్టూ అద్దంలా నున్నగా ఉండాల్సిన ఇనుము మీద పైనుంచి కిందిదాకా గోళ్ళతో రక్కినట్టు గీతలు. కొన్నిచోట్ల ఇనుం చిరిగి, కరిగి, మళ్ళీ అంటుకుని ఉంది. మస్తాన్ దాన్ని నాన్నకి చూపించాడు. "మాస్టారూ, ఇదీ, ఇది ఆడే గొట్టం లోపలి గోడా, రెంటికీ మధ్య నూనె పొర ఉంటదండి. కంటికి కూడా ఆనదు. అది ఉన్నన్నాళ్ళూ ఒకదాని ఒళ్ళు ఒకటి ముట్టుకోదు. వేడి హద్దు దాటితే ఆ పొర పలచబడి చిరుగుద్ది. అప్పుడు ఇనుం ఇనుం తగిలి అతుక్కుంటది. అతుక్కున్నాక కూడా లాగుద్ది గదా, ఇట్టా తోలు ఊడొస్తది. ఊడిన కొద్దీ ఇంకా వేడి, ఇంకా పట్టేసుద్ది."

"లోపల నూనే లేదంటగా" అన్నాడు నాన్న, తమ్ముడి వైపు చూడకుండా.

మస్తాన్ వంగి కింద చెయ్యి పెట్టి చూశాడు. అడుగున ఉన్న బేరింగుని వేలితో తడిమాడు. "లేదండి, ఎండిపొయ్యింది. కానీ బేరింగు మటుకు కొత్తదాని మాదిరే ఉందే. నూనె లేకుండా నడిస్తే ముందు పోవాల్సింది ఇదిగదా" అంటూ తలెత్తాడు. ఎదురుగా బాబాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మస్తాన్ కళ్ళు ఇత్తడి ట్యాపు వైపు వెళ్ళాయి, సిమెంటు తొట్టి వైపు వెళ్ళాయి, నా కిటికీ వైపు వచ్చాయి. చేతులు గుడ్డతో తుడుచుకుని, "అంతేనండి, నూనె లేకే" అన్నాడు. ఆ మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

నాన్న చెయ్యెత్తే మనిషి కాదు, గొంతు పెంచే మనిషి కూడా కాదు. స్కూల్లో పిల్లల్ని కూడా మెల్లగానే తిట్టేవాడు. ఆ మెల్లటి గొంతుతోనే, గోడ మీదున్న అందరూ వింటుండగా, "చదువు అబ్బలేదు, పోనీలే, చేతిలో పని ఉందనుకున్నాను. అదీ లేదన్నమాట" అన్నాడు. బాబాయి "అవునన్నయ్యా" అన్నాడు. నేను పిల్లని గుండెకి అదుముకుని కిటికీ పక్కకి జరిగాను. అరిచి చెప్పాలనిపించింది. చెబితే ఎవరికి తగులుతుందో చూస్తూ ఊరుకున్నాను. ఆదివారం అత్తగారు వచ్చారు. బండి దిగుతూనే ఇంజను సంగతి అడిగారు, దారిలోనే ఎవరో చెప్పినట్టున్నారు. నాయనమ్మ వాక్యం చదివే గొంతుతో, "మావాడు నూనె చూసుకోలేదమ్మా" అంది. అత్తగారు కృపని ఒళ్ళోకి తీసుకుని, "పిల్ల కళగానే ఉంది" అన్నారు. ఆ మాటతో నా మీంచి బండ దిగినట్టయింది. ఆ పూట నేను మారడిగి మరీ అన్నం తిన్నాను. వడ్డించింది బాబాయే. నేను చేసిన పనులన్నింటిలోనూ ఆ తిండే నన్ను ఎక్కువ బాధపెడుతుంది, ఎందుకో చెప్పలేను.

పిస్టనూ, దాని గొట్టమూ గుంటూరు నుంచి రావాలి. వచ్చి బిగించేసరికి పూత రాలిపోయింది. నిలిచిన కాయ పండకుండానే వడబడి తెల్లబారింది. ఏటా మా కల్లం కళ్ళు చెదిరే ఎరుపుగా ఉండేది, దాటుతుంటే తుమ్ములొచ్చేవి. ఆ ఏడు సగం తాలు. నాన్న కల్లం దగ్గరికి వచ్చి చూసి వెళ్ళిపోయేవాడు. మరుసటేడు చేను కౌలుకిచ్చేశాడు. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి. ఊళ్ళో మోతుబరి రామకోటయ్య గారు ట్రాక్టరు కొంటున్నారు, దానికి డ్రైవరు నువ్వేరా దానియేలూ అని అంతకుముందే చెప్పారు. బాబాయి దాని కోసం రెండు నెలలు పొరుగూరు వెళ్ళి నేర్చుకున్నాడు కూడా. బంతిపూల దండలతో ట్రాక్టరు మా వీధిలోకి వచ్చినప్పుడు సీటు మీద ఇంకెవరో ఉన్నారు. వేసవికి నేను మళ్ళీ పుట్టింటికి వచ్చి ఉన్నాను. బాబాయి కృపని భుజం మీద కూర్చోబెట్టుకుని అరుగు మీదికి వచ్చి, "అదిగో చూడు, ఎంత పెద్ద బండో" అని చూపించాడు. నూనె పొయ్యటం తెలియని వాడికి ట్రాక్టరు ఎవరిస్తారు? ఆ తర్వాత ఏ ఇంజనూ ఆయన చేతికి రాలేదు. గుంటూరులో మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో బస్తాలు మోశాడు, ముసలితనంలో అక్కడే కాపలా ఉన్నాడు. డీజిలు వాసన పోయి చొక్కాలకి మిరపఘాటు పట్టింది.

నాయనమ్మ ఇంజను ఆగిన రోజు నుంచి వేడినీళ్ళు మానేసింది. చలికాలమైనా, జ్వరమైనా, బావి నీళ్ళే. ఎవరైనా అడిగితే "వేడి పడటంలేదమ్మా ఒంటికి" అనేది. ఆఖరి చలికాలం కూడా, పళ్ళు కొట్టుకుంటుంటే, ఆ నీళ్ళే గుమ్మరించుకుంది. పోయేముందు చిన్నకొడుకు చెయ్యి పట్టుకుని క్షమించమంది. దేవుణ్ణి అంటోందని అందరూ అనుకున్నారు. నాన్న ఏమీ తెలియకుండానే పోయాడు. తమ్ముడి మీద కోపం లేదు, చులకన ఉంది. తమ్ముడు ఏ సలహా చెప్పినా "నీకు తెలియదులే" అని నవ్వేవాడు. కోపమైతే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఇటు కృప బంగారుతల్లి అయింది. దాని తండ్రికి ఆ ఏడే ఉద్యోగం ఖాయమైంది, అత్తగారు "పిల్ల అడుగు మంచిది" అన్నారు. ఒకసారి ఆ మాట పడ్డాక ఇంక మంచి జరిగినప్పుడల్లా కృప వల్లే. మా పెద్దాడపడుచు కూడా దాన్ని ఎత్తుకుని ముద్దులాడేది. ఆవిడ కళ్ళల్లోకి నేను ఎప్పుడూ సూటిగా చూడలేకపోయాను. కృప కాస్త పెద్దయ్యాక ఇంజను కథ వింది, అందరి దగ్గరా విన్నట్టే. పిల్లలకి అలాంటివి ఎంత ఇష్టమో చెప్పక్కర్లేదు. బాబాయికి నూనె తాత అని పేరు పెట్టింది. సెలవులకి వెళ్ళగానే "నూనె తాతా, ఇవాళ చూసుకున్నావా?" అని అరిచేది. ఆయన అందరికన్నా గట్టిగా నవ్వి, తలకి రాసుకున్న కొబ్బరినూనె చూపించి, "ఇదిగో, నిండుగా ఉంది" అనేవాడు. నేను "ఏం మాటలే అవి" అని ఒక్కసారైనా గద్దించి ఉండాల్సింది. గద్దిస్తే ఎందుకని అడుగుతుందని భయం.

ఇప్పుడు గుంటూరులో మా ఫ్లాటులో గీజరుంది. గోడ మీద మీట నొక్కితే కాసేపటికి ఎర్రదీపం ఆరిపోతుంది, నీళ్ళు సిద్ధం. ఎంత వేడి కావాలో మనం తిప్పుకోవచ్చు, హద్దు దాటకుండా అదే చూసుకుంటుంది. కృప పురుళ్ళు రెండూ ఆస్పత్రిలో జరిగాయి, ఇంటికొచ్చాక ఆ నీళ్ళే పోశాను. ఎవరినీ కేకేసి అడగలేదు, ఎవరూ బిందెలు మోయలేదు, ఎవరి బతుకూ ఆగిపోలేదు. అప్పటి స్నానాలే బాగుండేవని నా ఈడువాళ్ళు అంటుంటారు. నిజమే, అంత హాయి నీళ్ళు నేను మళ్ళీ ఎరగను. ఆ హాయి ఎవరి ఖర్చో తెలుసు గనుక వాళ్ళతో కలిసి ఆ మాట అనలేను.

కూడిక భోజనాలయ్యాక కృప, తాత చేను చూస్తానంది. పాకా లేదు, తొట్టీ లేదు. బావి పూడ్చేశారు. బోరు మోటారు ఎక్కడో కనపడకుండా తిరుగుతోంది, నల్ల పైపుల్లోంచి మిరప మొదళ్ళకి బొట్లు బొట్లుగా నీళ్ళు పడుతున్నాయి. అక్కడ గట్టు మీద నిలబెట్టి దానికి అంతా చెప్పాను. మెట్టు మీద కూర్చుని తాత తనని ఎత్తుకోవటం, బురదలో నిలబడిపోవటం, నూనె వంపేయటం, మస్తాన్ చూపు, ట్రాక్టరు. నలభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, చెంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఆ చెంగు తీసి, "నాకు ఏమీ తెలియదని తాతకి తెలుసా?" అంది.

తెలుసన్నాను. వెళ్ళినప్పుడల్లా, కృప అటు తిరగగానే గొంతు తగ్గించి, "దానికి చెప్పావా?" అని అడిగేవాడు. "లేదు బాబాయ్" అనేదాన్ని. "మంచిది" అనేవాడు. ఇన్నేళ్ళూ అంతే. మొన్న ఆస్పత్రిలో, మాట సరిగా రాని స్థితిలో కూడా అదే అడిగాడు. "చెప్పావా అమ్మడూ?" "లేదు బాబాయ్, ఎప్పటికీ చెప్పను, నువ్వు దిగులు పెట్టుకోమాక" అన్నాను, ధైర్యం చెబుతున్నాననుకుని. ఆసారి మంచిదనలేదు. నా చేతిలో ఉన్న చెయ్యి మెల్లగా తీసుకుని దుప్పటి కింద పెట్టుకున్నాడు. నీరసం అనుకున్నాను. ఈ సంగతి కూడా కృపకి చెప్పాను.

అది నా వైపు తిరగలేదు. పైపుల్లోంచి పడుతున్న నీళ్ళ వైపు చూస్తూ, "తాత అన్నేళ్ళూ అడిగింది చెప్పమనేమో అమ్మా" అంది.